బరువు తగ్గించే ఆపరేషన్ తరువాత తిండీ దినచర్యా: రాయగడ వైపు ఇళ్ళకు ఒక సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించుకుని, ఒడిశాలో మన సరిహద్దు పక్కనున్న రాయగడకు రైలెక్కే మనిషి సంచిలో రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి మందుల చీటీ, రెండవది ఆహార పట్టిక. ఆ పట్టిక రాసినవారు ఓట్సూ, బ్రకోలీ, సూపులూ తినే ఇంటిని మనసులో పెట్టుకుని రాస్తారు. మన ఇళ్ళలో పొద్దున్న చద్దన్నం (ఒడియా ఇరుగుపొరుగుల మాటలో పఖాళ్), మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం, సంతకో పొలానికో వెళితే రాగి అంబలి. అన్నీ నీళ్ళూ మెతుకులూ కలిసి లోపలికి దిగే భోజనాలే. ఆపరేషన్ తరువాత జన్మంతా పాటించవలసిన నియమాల్లో మొదటిది నీళ్ళను అన్నం నుంచి విడదీయడం. కడుపు చిన్నదైపోయిందన్న సంగతికి మనిషి నెలా రెండు నెలల్లో అలవాటు పడతాడు. ఈ విడదీతకు అలవాటు పడటానికి నాకు ఏడాది పట్టింది.

నాకు స్లీవ్ రకం ఆపరేషన్ జరిగి నాలుగేళ్ళయింది. మా వదినకు బైపాస్ జరిగి రెండేళ్ళు దాటింది. ఒకే ఇంట్లో రెండు రకాలూ ఉండటం వల్ల ఏది ఇద్దరికీ వర్తిస్తుందో, ఏది ఒకరికే వర్తిస్తుందో దగ్గరగా చూసే అవకాశం కలిగింది. నేను వైద్యుణ్ణి కాను. ఇక్కడ రాసినదానికీ మీ సర్జన్ చెప్పినదానికీ ఎక్కడైనా తేడా వస్తే సర్జన్ మాటే నిలబడుతుంది.

లోపల ఏం మారిందో ముందు తెలుసుకోవాలి

స్లీవ్‌లో కడుపు సంచిని నిలువుగా కోసి, సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఉండే సన్నని గొట్టం, దానిలో 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడుతుంది. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ పై భాగంలోనే. అందువల్ల మొదటి నెలల్లో ఆకలి అనేదే తెలియదు. ఆకలి వేయలేదని ఊరుకుంటే నీరసం, ఆ వెనకే జుట్టు రాలడం, కండ కరగడం మొదలవుతాయి కాబట్టి గడియారం చూసి తినాలి.

బైపాస్‌లో కడుపు పై కొసన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీసి, దాన్ని తిన్నగా చిన్న పేగుకు కలుపుతారు. ఆహారం మిగిలిన కడుపునూ చిన్న పేగు మొదటి భాగాన్నీ తాకకుండా దాటిపోతుంది. ఇనుమూ కాల్షియమూ ఎక్కువగా ఒంటికి పట్టేది ఆ దాటిపోయిన చోటనే. అందుచేత బైపాస్ అయినవారికి మాత్రల పట్టింపు ఒక మెట్టు ఎక్కువ. మీకు జరిగినది ఏ రకమో, ఏ తేదీన జరిగిందో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక కార్డు మీద రాసి జేబులో ఉంచుకోండి. మన ఊళ్ళో రాత్రిపూట చూసే డాక్టరు ఒడియా మాట్లాడేవారు కావచ్చు, కొత్తగా వచ్చినవారూ కావచ్చు. "కడుపు చిన్నది చేశారు" అంటే వారికి చాలదు.

ఇంటికి రాకముందే సిద్ధం చేసుకోవలసినవి

మిక్సీ, సన్నని జల్లెడ, చిన్నపిల్లలకు తినిపించే చెంచా, పచ్చడి వేసుకునే చిన్న స్టీలు గిన్నె, ఒక లీటరు సీసా, దగ్గు మందు సీసాతో వచ్చే గీతలున్న ప్లాస్టిక్ మూత ఉంటే చాలు. మందులు మాత్రం విశాఖలోనే కనీసం రెండు నెలలకు సరిపడా కొనడం మంచిది. ముఖ్యంగా కాల్షియం సిట్రేట్ అని చీటీలో ఉంటే అదే కొనాలి. ఊళ్ళో దుకాణంలో కాల్షియం అని అడిగితే సాధారణంగా కార్బొనేట్ ఇస్తారు. అది కడుపులో ఆమ్లం బాగా ఉంటేనే కరుగుతుంది, మనకు ఆ ఆమ్లం ఇప్పుడు తక్కువ.

రాయగడ నుంచి విశాఖ సుమారు 200 కిలోమీటర్లు. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో నాలుగైదు గంటలు పడుతుంది. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. బెర్తు మీద కదలకుండా పడుకుని రాకుండా, గంటకొకసారి లేచి పెట్టె ఆ చివరి దాకా నడిచి రావాలి, కూర్చున్నప్పుడు పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. రక్తం పలచబడటానికి పొట్ట మీద పొడుచుకునే సూదులు రాసి ఉంటే ఇంటికి వచ్చామని వాటిని ఆపకూడదు.

మొదటి రెండు వారాలు: గుటకల లెక్క

మొదటి ఒకటి రెండు రోజులు పారదర్శకంగా ఉండే ద్రవాలే ఇస్తారు. మంచినీళ్ళు, పప్పు తేట, వడగట్టిన పలచని చారు, సగం నీళ్ళు కలిపిన కొబ్బరినీళ్ళు ఈ కోవలోకి వస్తాయి. చారులో చింతపండూ మిరియాలూ నామమాత్రంగా ఉండాలి. ఆ తరువాత డాక్టరు సరేనన్నాక వెన్న తీసిన పాలు, చిలికి వెన్న తీసిన మజ్జిగ, పాలలో కలిపిన ప్రొటీన్ పొడి, గడ్డలు లేకుండా వడగట్టిన కందికట్టు మొదలుపెట్టవచ్చు. పంచదార వేసినవేవీ వద్దు. గోలీసోడాతో సహా బుడగలు వచ్చే పానీయాలేవీ వద్దు.

రోజుకు కనీసం లీటరున్నర ద్రవం లోపలికి వెళ్ళాలి. ఒక్క గుక్కలో చెంబెడు నీళ్ళు తాగిన మనిషికి ఇది నవ్వులాటగా కనిపిస్తుంది. ఆచరణలో మొదటి వారం ఇంతకంటే కష్టమైన పని లేదు. నేను దగ్గు మందు మూతను 15 మిల్లీలీటర్ల గీత దాకా నింపి, పక్కన ఫోనులో అయిదు నిమిషాల అలారం పెట్టుకునేవాణ్ణి. మూతలోని నీళ్ళను ఒకేసారి గొంతులో పోసుకోకుండా, నాలుక మీద ఒక క్షణం నిలిపి మూడు గుటకలుగా దించేవాణ్ణి. మూడో గుటక దిగాక రొమ్ము ఎముక వెనుక ఒక చిన్న బరువు తగిలి, నెమ్మదిగా కరిగిపోయేది. అది కరిగాకే తరువాతి మూత. అయిదు నిమిషాలకొక మూత చొప్పున గంటకు 180 మిల్లీలీటర్లు, అంటే లీటరున్నర పూర్తి కావడానికి ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. నిద్ర లేచినది మొదలు మొదలుపెట్టకపోతే రాత్రికి లెక్క తేలదు. ఇంట్లోవాళ్ళు మూత్రం రంగు అడిగి తెలుసుకోవడానికి సిగ్గుపడకూడదు. ముదురు పసుపులో ఉంటే ఆ రోజు నీళ్ళు తగ్గాయని అర్థం.

రాగి జావ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన కొండప్రాంతంలో బలానికి మరో పేరు మండియా (ఒడియాలో రాగులు) జావ, ఆస్పత్రి నుంచి వచ్చినవాడికి మొదట పెట్టేది అదే. రాగుల్లో కాల్షియం నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా ఉన్న మాట నిజం. మాంసకృత్తులు మాత్రం నూరు గ్రాములకు ఏడు గ్రాములే, అందులో ఒక జావకు పట్టే పిండి రెండు చెంచాలు. అంటే కడుపు నిండిపోతుంది, ఒంటికి అందే మాంసకృత్తులు గ్రాము, గ్రామున్నర దాటవు. రెండో వారంలో జావ తాగాలనిపిస్తే నీళ్ళకు బదులు పాలతో పలచగా కాచి, వడగట్టి, చల్లార్చి తాగండి. పులియబెట్టిన అంబలిని రెండు నెలలు దాటేదాకా పక్కన పెట్టండి.

మూడవ వారం నుంచి: గుజ్జు, ఆపైన మెత్తని తిండి

మూడు, నాలుగు వారాల్లో పళ్ళతో పని లేనంత మెత్తగా ఉన్నదే తినాలి. కందిపప్పును బాగా ఉడికించి మిక్సీ పట్టి తినవచ్చు. కోడిగుడ్డును తక్కువ నూనెలో, తడి ఆరిపోకుండా కలియబెట్టి తినవచ్చు. ఆవిరి మీద ఉడికించిన చేపను ముళ్ళు ఏరి, వేళ్ళతో నలిపి, పలచని పులుసుతో గుజ్జు చేసుకోవచ్చు. మన సరిహద్దు జిల్లాల్లో ఉండటం వల్ల కలిసివచ్చిన వస్తువు ఒకటి ఉంది, అది ఛెనా. మిఠాయి దుకాణంలో రసగొల్లాల కోసం పొద్దున్నే పాలు విరగ్గొట్టి గుడ్డలో వేలాడదీస్తారు. పంచదార ముఖం చూడకముందే వంద గ్రాములు తూయించి తెచ్చుకుంటే అందులో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రసగొల్లాగా మెట్టినింటికి వెళ్ళవలసిన ఆ ఛెనాను పుట్టింట్లోనే ఆపేయడమన్న మాట.

ఒక పూటకు రెండు నుంచి నాలుగు పెద్ద చెంచాలు, రోజుకు అయిదారు పూటలు. ఒక్కొక్క ముద్దను ఇరవై ముప్పై సార్లు నమలాలి, పూట ముగియడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పట్టాలి. చేత్తో తినేవాళ్ళం కాబట్టి ముద్ద పరిమాణం మన చెప్పుచేతల్లో ఉండదు, ఏళ్ళ తరబడి పట్టిన వేళ్ళు పాత కొలతకే వంగుతాయి. అందుకే మొదటి ఆరు నెలలు చిన్న చెంచాతో తినమని నా సలహా.

కడుపు నిండిందన్న కబురు ఇప్పుడు పాత దారిలో రాదు. కొందరికి ఒక వెక్కిళ్ళ జంట వస్తుంది, కొందరికి లోతైన నిట్టూర్పు, కొందరికి రొమ్ము మధ్య బిగుతు. నాకు ముక్కు కారేది. ఎదురుగా కూర్చున్న మా ఆవిడ, "ముక్కు తుడుచుకుంటున్నారు, ఇక గిన్నె ఇటివ్వండి" అని లాగేసుకునేది. ఆ కబురు వచ్చాక తినే ఒక్క చెంచాయే వాంతికి కారణమవుతుంది. పారబోయడం ఇష్టంలేక తినేవాళ్ళే మన ఇళ్ళలో ఎక్కువ కాబట్టి, మిగిలితే బాధ లేనంత కొంచెమే వడ్డించుకోవాలి.

అయిదవ వారం నుంచి ఎనిమిదవ వారం దాకా మెత్తని తిండి. పలచని పెసరపప్పుతో నలిపిన ఇడ్లీ ముక్క, ఉడికించిన ఆనపకాయ, బీరకాయ, గుమ్మడి, ముక్కలు మెదిపిన దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు), బాగా ఉడికిన కైమా ఈ దశకు సరిపోతాయి. అన్నానికి తొందరపడకూడదు. మెతుకులు ఒకదానికొకటి అంటుకుని సన్నని గొట్టంలో ముద్దకడతాయి. చపాతీ, రొట్టె, పొడిగా వేయించిన కోడిమాంసం కూడా అంతే. రెండు నెలలు దాటాక రెండు చెంచాల అన్నంతో మొదలుపెట్టి, అదీ పూట చివరన తినాలి.

పళ్ళెంలో వరస మార్చుకోవడం

మన పళ్ళెంలో అన్నం కొండలాగా మధ్యన కూర్చుని, కూరా పప్పూ దాని చుట్టూ కాపలా కాస్తాయి. ఇక నుంచి మొదట మాంసకృత్తులు, తరువాత కూరగాయ, చోటు మిగిలితే అన్నం. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి, ఒంటి ఎత్తును బట్టి 80 దాకా చెబుతారు. మూడో నెల దాటాక మా ఇంట్లో ఒక మామూలు రోజు లెక్క ఇలా ఉండేది. పొద్దున్న రెండు గుడ్లకు 12 గ్రాములు, పదిన్నరకు ఒక గ్లాసు పాలకూ అందులో కలిపిన ప్రొటీన్ పొడికీ కలిపి 26, మధ్యాహ్నం అరవై గ్రాముల చేపకు 12, సాయంత్రం యాభై గ్రాముల ఛెనాకు 9, రాత్రి చిన్న గిన్నెడు చిక్కని పప్పుకు 5. మొత్తం 64. ఇందులో పాలను ఉంచి పొడి వాటా 20 మాత్రం తీసేస్తే 44 దగ్గర ఆగిపోతుంది. మొదటి ఏడాది పొడి మానేసి తిండితోనే నెట్టుకొస్తామన్నవాళ్ళు ఈ కూడిక ఒకసారి వేసి చూసుకోవాలి.

కార్తీకమాసంలో నీచు ముట్టని ఇళ్ళు మన వైపు చాలా ఉన్నాయి. మా వదిన ఆ నెలంతా గుడ్డు కూడా మానేస్తుంది. ఆమె ఎండు సోయా ముక్కలు ఇరవై గ్రాములు నానబెట్టి, పిండి, సన్నగా తరిగి కూర చేసుకుంటుంది. వాటి నుంచి పది గ్రాములు వస్తాయి. ఛెనాను రెండు పూటలు చేస్తుంది, ఉలవలను నానబెట్టి ఉడికించి మెదుపుతుంది. నీచు మానినా ఇబ్బంది లేదు. పూర్తి ఉపవాసం మాత్రం మొదటి ఏడాది కుదరదు. ఏకాదశికైనా శివరాత్రికైనా నీళ్ళు ముట్టని ఉపవాసమైతే ఒంట్లో నీరు ఇంకిపోయి సెలైన్ దాకా పోతుంది. మజ్జిగౌరమ్మకు మొక్కుకున్న ఉపవాసాన్ని వచ్చే ఏటికి వాయిదా వేస్తే తల్లి ఏమీ అనుకోదని మా వదిన మామగారే చెప్పారు.

ఇక నీళ్ళ సంగతి. తినడానికి ముందు పావుగంట నుంచి, తిన్న తరువాత అరగంట దాకా నీళ్ళు తాగకూడదు. పక్కన చెంబు పెట్టుకోకపోవడమే మొదటి ఉపాయం. తింటూ తాగితే చిన్న సంచి నీళ్ళతోనే నిండి వాంతి కావచ్చు, లేదా మెతుకులు నీళ్ళతో జారిపోయి గంటలోనే మళ్ళీ తినాలనిపించవచ్చు. పఖాళ్ మీద ప్రాణం ఉన్నవాళ్ళకు నేను కనుక్కున్న దారి ఇది: మూడు నెలలు దాటాక, చద్దన్నాన్ని పిండి నీళ్ళు వంచేసి, రెండు చెంచాల మెతుకులను గట్టి పెరుగుతో కలిపి, ఛెనానో గుడ్డో ముందు తిన్నాకే తినాలి. వంచిన ఆ నీటిని, ఒడియాలో తొరాణి అంటారు, ఒక గంట ఆగి విడిగా గుటకలు వేయాలి. పులుపు పడనివాళ్ళు, ఛాతీలో మంట ఉన్నవాళ్ళు దాని జోలికి వెళ్ళకూడదు.

తీపి తిన్నాక వచ్చే దెబ్బ

ఆపరేషన్ అయిన ఏడో నెలలో మా వదిన బంధువుల పెళ్ళిలో ఒకే ఒక్క రసగొల్లా తిన్నది. పావుగంట తిరగకముందే నుదుటి మీద చెమట పూసలు కట్టింది, గుండె దడదడలాడింది, కడుపు మెలిపెట్టింది, కుర్చీలోంచి లేచి రెండడుగులు వేసి మళ్ళీ కూర్చుండిపోయింది. పక్కవాళ్ళు గుండెపోటు అనుకున్నారు. దీన్ని డంపింగ్ అంటారు. చక్కెర ఒక్కసారిగా చిన్న పేగులోకి దూకి ఒంట్లోని నీటిని లోపలికి లాగడం వల్ల తిన్న పది నుంచి ముప్పై నిమిషాల్లో ఇలా అవుతుంది. పడుకోబెట్టి గాలి తగలనిస్తే గంటలోపు సర్దుకుంటుంది. మరో రకం ఒకటి నుంచి మూడు గంటల తరువాత వస్తుంది. తీపికి బదులుగా ఇన్సులిన్ మితిమీరి ఊరి, రక్తంలో చక్కెర పడిపోయి చేతులు వణుకుతాయి, కళ్ళు తిరుగుతాయి. అప్పుడు వేలు పొడిచి చక్కెర చూసుకుని, తగ్గి ఉంటే ఒకటి రెండు చెంచాల చక్కెర నీళ్ళు తాగి, వెంటనే కొంచెం పాలో గుడ్డో తీసుకోవాలి. పదే పదే వస్తుంటే డాక్టరుకు చెప్పాలి. బైపాస్‌లో ఇది ఎక్కువ. స్లీవ్‌లో తక్కువే గాని రాదని అనుకోకూడదు.

పెళ్ళిళ్ళ గురించి ఇంకొక్క మాట. మన వైపు ఆకు దగ్గర మర్యాద అంటే బలవంతం. "ఏటి బావా, కోడి ముక్కైనా ముట్టలేదు, మా ఇంటి తిండి పడదేటి?" అని వడ్డించేవాడు గరిటె పట్టుకుని నిలబడతాడు. ఆపరేషన్ కథంతా విప్పనక్కరలేదు. "కడుపులో పుండుకి మందేసుకుంతన్నాను, డాక్టరు కాసింతే తినమన్నాడు బావా" అంటే ఎవరూ రెండోసారి అడగరు. పుండు అన్న మాటకు ఉన్న గౌరవం బరువు అన్న మాటకు లేదు. బయలుదేరే ముందు ఇంట్లో గుడ్డు తిని వెళ్ళడం అన్నిటికంటే క్షేమం.

మాత్రలు: జన్మంతా

ఆరు నెలలు గడిచి ఒళ్ళు తేలికపడ్డాక చాలామంది మొదట మానేసేవి ఈ మాత్రలే. మానేసినది ఆ నెలలో తెలియదు. రెండు మూడేళ్ళకు కాళ్ళ తిమ్మిర్లుగా, రక్తహీనతగా, ఎముకల నొప్పిగా తేలుతుంది. రోజువారీ మల్టీవిటమిన్‌తో పాటు సాధారణంగా చెప్పే మోతాదులు ఇవి. బి12 రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాముల బిళ్ళ, లేదా నెలకొకసారి 1000 మైక్రోగ్రాముల సూది. కాల్షియం మొత్తం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్కసారికి 500, 600 మించకుండా రెండు మూడు విడతలుగా. విటమిన్ డి రోజుకు 3000 యూనిట్లు, రక్త పరీక్షను బట్టి ఎక్కువో తక్కువో. ఇనుము మగవారికి 18 మిల్లీగ్రాములు, నెలసరి వచ్చే స్త్రీలకూ బైపాస్ అయినవారికీ 45 నుంచి 60.

ఇనుమునూ కాల్షియంనూ కలిపి మింగితే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. టీ కూడా ఇనుముకు శత్రువే. మా ఇంట్లో ఇనుము పడుకోబోయే ముందు, కాల్షియం పొద్దున్నా మధ్యాహ్నమూ అని గోడ క్యాలెండరు పక్కన అంటించి ఉంది. మన జిల్లాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అటువంటివారు రక్త పరీక్ష చూపించి, డాక్టరు చెప్పాకే ఇనుము మొదలుపెట్టాలి.

పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడకుండా కొందరికి ఆరు నెలలపాటు ఒక మాత్ర ఇస్తారు. బరువు వేగంగా తగ్గేటప్పుడు రాళ్ళు పుట్టడం మామూలు కాబట్టి, నొప్పి లేదు కదా అని దాన్ని ఆపకూడదు.

పాత మందుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. చక్కెర జబ్బుకూ రక్తపోటుకూ వాడుతున్న మందులను పాత మోతాదులోనే మింగుతూ పోతే ప్రమాదం. ఆపరేషన్ అయిన రోజుల్లోనే చక్కెర తగ్గడం మొదలవుతుంది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి తగ్గించకపోతే చక్కెర పడిపోతుంది. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతుంటే రక్తపోటు మాత్ర ఎక్కువైందేమో చూపించుకోవాలి.

వాంతులూ గ్లూకోజు సీసా

ఈ భాగాన్ని ఇంట్లోవాళ్ళు కూడా చదవాలి. నాకు నాలుగో వారంలో, ఉడకని బీరకాయ ముక్క వల్ల అనుకుంటాను, వాంతులు పట్టుకుని మూడు రోజులు ఆగలేదు. దగ్గరలోని ఒక క్లినిక్కుకు తీసుకువెళితే, నీరసంగా ఉన్నానని చెప్పగానే గ్లూకోజు సీసా తగిలించబోయారు. మా తమ్ముడు నా కార్డు చూసి విశాఖకు ఫోను చేశాడు. అటువైపు నుంచి సర్జన్ అన్న మొదటి మాట, "ముందు బి1 సూది ఇప్పించండి, తరువాతే గ్లూకోజు" అని.

కారణం ఇది. బి1, అంటే థయమిన్, ఒంట్లో నిలవ ఉండేది కొద్ది వారాలకే. తిండి లేక, పైగా వాంతులతో అది అడుగంటి ఉన్నప్పుడు గ్లూకోజు ఎక్కిస్తే, దాన్ని కరిగించడానికి మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోతుంది. అప్పుడు మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమకపడటం దాని గుర్తులు. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతం కావచ్చు. మన పల్లెల్లో నీరసానికి గ్లూకోజు ఎక్కించడమే వైద్యంగా చెలామణీ అవుతోంది. కాబట్టి కార్డు మీద "వాంతులుంటే గ్లూకోజుకు ముందు థయమిన్" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయించండి. రెండు మూడు రోజులకు మించి వాంతులు ఆగకపోయినా, ఒక్క రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా సర్జన్‌తో మాట్లాడవలసిందే.

అదే కార్డు మీద మరో వాక్యం కూడా ఉండాలి: డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, యాస్పిరిన్ రకం నొప్పి మందులు సర్జన్‌ను అడగకుండా ఇవ్వవద్దు. మోకాళ్ళ నొప్పికి సూది పొడిపించుకోవడం మనకు అలవాటు. బైపాస్ కుట్టు దగ్గర ఈ మందులు పుండు పుట్టిస్తాయి, అది రక్తం కారేదాకా తెలియకపోవచ్చు. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు.

జ్వరమంతా మలేరియా కాదు

రాయగడ, కొరాపుట్ వైపు ఒళ్ళు వెచ్చబడితే మొదట వచ్చే మాట మలేరియా. మామూలు మనిషికి ఆ అనుమానం సబబే. ఆపరేషన్ అయిన మొదటి నెలలో ఉన్నవారికి జ్వరంతో పాటు గుండె నిమిషానికి 120 సార్లకు మించి కొట్టుకోవడం, కడుపునొప్పి పెరగడం, ఎడమ భుజంలో నొప్పి, ఊపిరి అందకపోవడం కనిపిస్తే కుట్టు దగ్గర లీకు అయిందేమోనని చూడాలి. అప్పుడు మలేరియా పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తూ రాత్రంతా ఇంట్లో ఉండకూడదు. పిక్క ఒక్కటే వాచి నొప్పిపెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, నల్లగా తారులా విరేచనమైనా అంతే. 108కు ఫోను చేసి ముందు దగ్గరలోని పెద్దాస్పత్రికి చేరాలి, దారిలో సర్జన్‌కు కబురు పెట్టాలి. పొద్దున రైలుకు వెళదామని ఆగడం మన వైపు జరిగే పెద్ద పొరపాటు. బైపాస్ అయినవారికి నెలల తరువాతైనా, ఏళ్ళ తరువాతైనా తెరలు తెరలుగా వచ్చి పోయే కడుపునొప్పి పేగు మెలికపడిన గుర్తు కావచ్చు, దాన్ని గ్యాసని కొట్టివేయకూడదు.

ఇంటి పనీ, నడకా, అలవాట్లూ

నడక ఆస్పత్రిలోనే మొదలవుతుంది. ఇంటికి వచ్చాక రోజుకు నాలుగైదుసార్లు పది నిమిషాలు నడిచి, నెలాఖరుకు ఒకేసారి అరగంటకు చేరితే చాలు. బరువులెత్తడం మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు అయిదు కిలోలు దాటకూడదు. బోరింగు దగ్గర నింపిన ఒక బకెట్టు పదిహేను కిలోలు తూగుతుందని ఆడవాళ్ళకు గుర్తు చేయాలి. మా వదిన రెండో వారంలోనే బిందె చంకనెత్తబోతే అన్నయ్య పరుగెత్తి అందుకున్నాడు.

గుడాకుతో పళ్ళు తోముకునే అలవాటు మన రెండు రాష్ట్రాల సరిహద్దులోనూ ఉంది. అదీ పొగాకే. చుట్ట, అడ్డపొగ, ఖైనీ, జర్దా పాన్ అన్నీ కుట్టు దగ్గర పుండుకు దారితీస్తాయి. జీలుగు కల్లు, ఇప్పసారా, హండియా విషయంలో లెక్క మారిపోయింది. పాత కడుపులో గంటసేపు ఆగే మద్యం ఇప్పుడు నిమిషాల్లో రక్తంలోకి ఎక్కుతుంది. నాలుగు గుక్కలకే మనిషి తూలిపోయే అవకాశం ఉంది, తిండి నుంచి తాగుడుకు వ్యసనం మారేవాళ్ళూ ఉన్నారు. మొదటి ఏడాది పూర్తిగా దూరంగా ఉండటమే మేలు.

మలబద్ధకం చాలామందిని పీడిస్తుంది. నీళ్ళ లెక్క సరిచూసుకోవడం దానికి మొదటి మందు. మూడో నెల నుంచి ఆరో నెల మధ్య దువ్వెన నిండా జుట్టు వస్తుంది. మాంసకృత్తులూ ఇనుమూ సరిగా అందుతుంటే సాధారణంగా ఏడాదిలోగా తిరిగి మొలుస్తుంది, నూనెలు మార్చినందువల్ల ఒరిగేది లేదు. పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. బైపాస్ అయితే గర్భనిరోధక మాత్రల మీద పూర్తిగా ఆధారపడకుండా వేరే పద్ధతి గురించి డాక్టరుతో మాట్లాడాలి. బరువు తగ్గగానే ఆగిపోయిన నెలసర్లు తిరిగి మొదలై, అనుకోకుండా గర్భం నిలిచిన సందర్భాలు ఉంటాయి.

బరువు ఆగినప్పుడూ, పరీక్షల రోజూ

నాలుగో వారం దగ్గర త్రాసు ముల్లు పది పదిహేను రోజులు కదలదు. అది అందరికీ జరిగేదే. వారానికొకసారి, ఒకే రోజున, ఒకే వేళకు తూచుకోవాలి. ఏడాది, ఏడాదిన్నర దాకా తగ్గుతూ వచ్చి ఆపైన నిలబడుతుంది. రెండో ఏటి తరువాత మెల్లగా బరువు తిరిగి ఎక్కుతుంటే పళ్ళెం కంటే ముందు గ్లాసును అనుమానించండి. పంచదార వేసిన టీ రోజుకు నాలుగు కప్పులు, సాయంత్రం మిక్చరు పొట్లం, బజారులో గుప్‌చుప్ (పానీపూరీ). ఇవి చిన్న కడుపులోంచి కూడా ఏ అడ్డూ లేకుండా జారిపోతాయి.

రక్త పరీక్షలు మూడో నెల, ఆరో నెల, ఏడాదికి, ఆ తరువాత ఏటా ఒకసారి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, చక్కెర, కాలేయం, మూత్రపిండాలు ఆ జాబితాలో ఉండాలి. చాలా పరీక్షలకు రాయగడలోనే రక్తం ఇచ్చి, కాగితాలతో విశాఖకు వెళ్ళవచ్చు. నేను ఏటా ముందురోజు సాయంత్రం ఉడికించిన గుడ్లు రెండు, ఛెనా డబ్బా, గీతలు పెట్టిన నీళ్ళ సీసా, ఆ పాత కార్డు ఒకే సంచిలో సర్దుకుంటాను. పార్వతీపురం స్టేషనులో పకోడీల బుట్ట పెట్టెలోకి ఎక్కేసరికి నా డబ్బా మూత తీసి ఉంటుంది.